వినడం తెలిసిన జడ్జి

తీర్పు రాయడం ఏ న్యాయమూర్తికైనా వచ్చిన విద్యే. ఫ్యామిలీ కోర్టులో తలపండిన జడ్జి పనితనం మాత్రం తీర్పుకు ముందు వినడంలో ఉంది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అక్కడ వకీలును పెట్టుకోవడం హక్కు కాదు. అందుకే కోపతాపాల మధ్య తడబడే మాటల్లోంచి అసలు సంగతిని చాలాసార్లు జడ్జే ఏరుకోవాలి. పిల్లల కస్టడీ కేసే చూడండి. అనుభవమున్న జడ్జి బిడ్డను ఛాంబర్‌కు పిలిచి అమ్మ కావాలా, నాన్న కావాలా అని నిలదీయరు; బడి గురించి, స్నేహితుల గురించి, రాత్రి ఎవరి పక్కన పడుకుంటావని అడుగుతారు. శనివారం ఎన్నింటికి, ఎక్కడ బిడ్డను అప్పగించాలి, మందులూ పుస్తకాల సంచీ ఎవరు తేవాలి అన్నవి కూడా ఉత్తర్వులో రాస్తారు.

దెబ్బలు తిన్న ఆడపిల్లను ఈ కోర్టుల్లో రాజీ పేరుతో మళ్లీ అదే గడపకు పంపుతారన్న విమర్శ ఉంది. అలా జరిగితే అది అన్యాయమే. కానీ అదే చట్టం 9వ సెక్షన్ కేసు స్వభావాన్ని, పరిస్థితులను బట్టి వీలున్నచోటే రాజీకి ప్రయత్నించమంది. ఎక్కడ ఆపాలో తెలియడమే ఇక్కడ అనుభవం. పరస్పర అంగీకార విడాకుల్లో ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, దాన్ని సడలించే విచక్షణను ఈ జడ్జీలకే వదిలింది. వీళ్ల పనిని పరిష్కరించిన కేసుల లెక్కతోనే తూచకండి.