డాక్టరు సందేహం - కంపెనీ వ్యాఖ్యానం

వ్యాపార ప్రకటన సాహిత్య విమర్శ పరిధిలోకి రాదనే మిత్రులతో నేను ఏకీభవించను. కోట్లమంది చదివే రచన అది. దానికీ వస్తువుంది, శిల్పముంది, వర్గప్రయోజనముంది.

వయాక్స్ అనే కీళ్లవాతపు మందునే తీసుకుందాం. శాస్త్రనామం రోఫెకాక్సిబ్. మెర్క్ కంపెనీ దాన్ని 1999లో అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మే మందుకు కూడా అక్కడ టీవీలో ప్రకటన ఇవ్వవచ్చు. 2000లో ఒక్క ఏడాదే ప్రజల్లో ప్రచారానికి 16 కోట్ల డాలర్లు ఖర్చయింది. 1976 ఒలింపిక్స్‌లో మంచుమీద స్కేటింగ్‌లో స్వర్ణం గెలిచిన డొరోతీ హామిల్ ఆ ప్రకటనల్లో కనిపించింది. మంచుమీద తేలిన ఆ దేహాన్ని ఎరిగిన రోగికి ఆమె ముఖం చాలు, తక్కినదంతా తానే ఊహించుకుంటాడు. మన ఆలంకారికులు ధ్వని అన్నది దీన్నే. వాచ్యంలో లేనిదాన్ని తప్పుపట్టడం కష్టం కూడాను.

అయితే ఈ రచనకు అసలు పాఠకుడు డాక్టరు. రోగి ఎంత అడిగినా చీటీ రాయవలసింది ఆయనే. ఆయన అంత తేలిగ్గా కరగలేదు. 2000 నవంబరులో విగర్ అనే పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. 8 వేలకు పైగా రోగులమీద జరిగిన ఆ పరీక్షలో, పాతమందు నాప్రాక్సెన్ వాడినవారికన్న వయాక్స్ వాడినవారిలో గుండెపోట్లు నాలుగు రెట్లు. కంపెనీ వ్యాఖ్యానం చూడండి: మా మందు చేటు చేయలేదు, నాప్రాక్సెనే గుండెను కాపాడింది! అంకె కదలకుండా అర్థం తిరగబడింది. ప్రబంధాలకు నానార్థాలు లాగే మన పండితులు కూడా ఇంత సాహసం చేయలేదు.

2005లో అమెరికన్ కాంగ్రెస్ సభ్యుల విచారణలో ఇంకో రచన బయటపడింది. మందుల ప్రతినిధుల శిక్షణకోసం కంపెనీ తయారుచేసిన ఆట, పేరు ‘డాడ్జ్‌బాల్’. ఎదుటివాడు విసిరిన బంతి తగలకుండా తప్పించుకునే పిల్లల ఆట పేరది. గుండె విషయం నాకు ఆందోళనగా ఉందని డాక్టరు అంటే ఆ మాటకు అందులో పెట్టిన పేరు ‘అడ్డంకి’. చివరి పుటల్లో పుటకొక్క మాటే: తప్పించుకో! 2001 ఫిబ్రవరిలో మరో ఆదేశం వెళ్లింది, విగర్ ఊసు మీ అంతట మీరు ఎత్తవద్దని.

డాక్టర్ల మాట కంపెనీ వినలేదనలేం. మహా శ్రద్ధగా విన్నది. సందేహాలను ఏరి, వర్గీకరించి, ఒక్కొక్కదానికీ జవాబు అల్లింది. మందు జోలికి మాత్రం పోలేదు. పాఠక స్పందన అంటూ ఊగిపోయే మన సిద్ధాంతకారులను నేనడిగేది ఇదే: ఆ స్పందన ఎవరు సేకరిస్తున్నారు, ఎందుకు? ఆ ప్రశ్న లేని సిద్ధాంతం మార్కెట్ సర్వేకి దగ్గరి చుట్టం. డాక్టర్లందరూ నిర్దోషులనీ అనను. చీటీలు రాసిన చేతులు వాళ్లవే.

2004 సెప్టెంబరు 30న మందును వెనక్కి తీసుకున్నారు. అప్పటికి అమెరికాలోనే దాదాపు 2 కోట్లమంది వాడారు. ఆ డిసెంబరులో మన దేశమూ రోఫెకాక్సిబ్‌ను నిషేధించింది. ఇక్కడ చీటీ మందులను ప్రజలకు నేరుగా ప్రకటించనివ్వరు. కాబట్టి మన మందుల ‘సాహిత్యం’ అంతా డాక్టరు బల్లమీద, ప్రతినిధి తిప్పే రంగుల పుటల్లో ఉంటుంది. సిద్ధాంతవ్యాసానికి అంశం వెతుక్కునే ఎం.ఏ. విద్యార్థులెవరైనా ఆ పుటలు కొన్ని సంపాదించి చదవండి.