తెరుచుకుంది సరే, సరిగ్గా వచ్చిందా?

పాత డీడబ్ల్యూజీ డ్రాయింగు ఫైలు ఏ కాలం నాటిదో తెలుసుకోవడానికి ఆటోకాడ్ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి ఆరు అక్షరాలు చూస్తే చాలు. ఏసీ1009 అని ఉంటే డాస్ రోజుల్లోని 11, 12 విడుదలల నాటిది. ఏసీ1014 అయితే 1997లో వచ్చిన 14వ విడుదలది. ఏసీ1015 ఆటోకాడ్ 2000ది, ఏసీ1021 ఆటోకాడ్ 2007ది, ఏసీ1032 ఆటోకాడ్ 2018ది. ఆ తర్వాత కనిపించేదంతా మనిషి చదవలేని గజిబిజే. అయినా అనుభవం ఉన్న డ్రాఫ్ట్స్‌మన్‌కి ఆ ఆరు అక్షరాలతోనే లోపల ఏ చిక్కులు ఎదురవుతాయో సగం అర్థమైపోతుంది.

ఆఫీసులో సాఫ్ట్‌వేర్ మార్చే వారం వచ్చిందంటే అందరిదీ ఒకటే గుబులు: పాత ఫైళ్లు తెరుచుకుంటాయా? తెరుచుకుంటాయి. 1992 నాటి 12వ విడుదల ఫైలును ఇప్పటి ఆటోకాడ్ ఇబ్బంది లేకుండా తెరుస్తుంది. కుదరనిది దానికి ఉల్టా. కొత్త ఫార్మాట్‌లో సేవ్ చేసినదాన్ని పాత వర్షన్ చదవలేదు. అందుకే ఆర్కిటెక్టు నుంచి స్ట్రక్చరల్ ఇంజనీరుకు, అక్కడి నుంచి కాంట్రాక్టరుకు చేతులు మారే ప్రాజెక్టుల్లో ‘పాత వర్షన్‌లో సేవ్ చేసి పంపండి’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అసలు పట్టించుకోవాల్సింది ఫైలు తెరుచుకున్నాక. ఇప్పుడు తెర మీద ఉన్నది, ఆనాడు గీసిన మనిషి గీసిందేనా?

ఈ సందేహానికి కారణం ఉంది. డ్రాయింగు మొత్తం ఒక్క ఫైలులో ఉండదు. అక్షరాల ఫాంట్లు వేరే ఫైళ్లలో, గీతల మందం చెప్పే పెన్ టేబుల్ ఇంకో ఫైలులో, ఎక్స్‌రెఫ్‌గా తగిలించిన గ్రిడ్ ప్లానూ సైట్ ప్లానూ మరెక్కడో ఫోల్డర్లలో ఉంటాయి. ఇల్లు మారినప్పుడు సామానంతా వచ్చి పోపుల పెట్టె మాత్రం పాత ఇంట్లో ఉండిపోయినట్టు, డీడబ్ల్యూజీ ఒక్కటే కొత్త కంప్యూటర్‌కి వస్తుంది.

అక్షరాల సంగతే చూడండి. పాత డ్రాయింగుల్లో రాతంతా దాదాపుగా ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలోనే ఉండేది. డ్రాయింగులో ఉండేది ఫాంటు పేరు మాత్రమే, ఫాంటు కాదు. ఆ పేరుగల ఫైలు దొరక్కపోతే సాఫ్ట్‌వేర్ మరో ఫాంటును, మామూలుగా సింప్లెక్స్‌ను, దాని స్థానంలో వాడుకుంటుంది. అక్షరాల వెడల్పు మారుతుంది. గదిలో ఇమిడిన పేరు గోడ దాటుతుంది, నోట్స్ వెళ్లి టైటిల్ బ్లాక్ మీద పడతాయి. ఇవి కంటికి కనబడేవి కనుక దిద్దుకోవచ్చు. భయపడాల్సింది సొంత ఫాంట్ల విషయంలో. ప్రత్యేక గుర్తుల కోసం సొంతంగా ఎస్‌హెచ్‌ఎక్స్ తయారు చేసుకున్న ఆఫీసులు ఉన్నాయి. అది లేని కంప్యూటర్‌లో ఆ గుర్తు ఉన్నచోట ప్రశ్నార్థకం పడితే అదృష్టమే, సైటులో ఎవరో ఒకరు ఆగి ఫోన్ చేసి అడుగుతారు. వేరే అక్షరం పడితే ఎవరికీ అనుమానం రాదు.

తెలుగులో రాసిన డ్రాయింగుకు ఈ బాధ రెండింతలు. యూనికోడ్ వాడకం పెరగక ముందు, తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చిన ఫాంట్లే దిక్కు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు నడిచిన తీరు అదే. డీడబ్ల్యూజీ లోపలి రాత యూనికోడ్‌కి మారింది ఆటోకాడ్ 2007తో. అంతకు ముందు లేఅవుట్ ప్లాన్ మీద అలాంటి ఫాంటుతో రాసిన చెరువు పేరు, ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల మూటగా కనిపిస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని చెత్త అనుకుని తుడిచేస్తే అతన్ని తప్పుపట్టలేం. కానీ పేరు పోయాక ఆ వంపు గీత చెరువు గట్టుదో బండిబాటదో తర్వాతివాళ్లకు చెప్పేది ఎవరు? చెరువుల హద్దుల మీద ఇంత వివాదం నడిచే మన ఊళ్లలో అది చిన్న నష్టం కాదు.

గీతల మందం గురించి కొంచెం వెనక్కి వెళ్లాలి. పెన్ ప్లాటర్ల కాలంలో గీతకు రంగు ఉండేది, మందం ఉండేది కాదు. ఎరుపు అంటే ఫలానా పెన్ను, పసుపు అంటే ఫలానా పెన్ను అని ప్రతి ఆఫీసుకూ ఒక పట్టిక ఉండేది, అదీ చాలాసార్లు గోడకు అంటించిన కాగితం మీద. గీతకే మందాన్ని ఇచ్చే వీలు ఆటోకాడ్ 2000తో వచ్చింది, రంగుల పట్టిక సీటీబీ ఫైలైందీ అప్పుడే. ఆ పట్టిక లేకుండా పాత డ్రాయింగును ప్రింట్ తీస్తే కోసిన గోడా, దాని వెనక దూరంగా కనిపించే మెట్ల అంచూ ఒకే మందంతో వస్తాయి. కొలతల్లో తేడా ఉండదు. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది కాగితం మీద నుంచి మాయమవుతుంది. ఒక డ్రాఫ్ట్స్‌మన్ పనితనమంతా ఉండేది అక్కడే.

వర్షన్ల తేడా ఎంత దూరం తీసుకెళ్లగలదో ఎయిర్‌బస్ ఏ380 చూపించింది. జర్మనీ, స్పెయిన్ కేంద్రాలు కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నాలుగో వర్షన్‌లో, ఫ్రాన్స్, బ్రిటన్ కేంద్రాలు అయిదో వర్షన్‌లో పనిచేశాయి. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల వైరింగు ఉంటుంది. హాంబర్గ్‌లో తయారై తులూజ్‌కి వచ్చిన వైర్ల కట్టలు కొన్నిచోట్ల పొడవు చాల్లేదు. 2006 జూన్‌లో కంపెనీ ఆలస్యాన్ని ప్రకటించగానే దాని మాతృసంస్థ షేరు ఒక్కరోజులో నాలుగో వంతు పడిపోయింది. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి అందింది 2007 అక్టోబర్‌లో. ఆలస్యానికి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ రెండు వర్షన్ల మధ్య సమాచారం పూర్తిగా దాటకపోవడం వాటిలో ముఖ్యమైనది. అక్కడా ఫైళ్లు తెరుచుకున్నాయి.

కాబట్టి పాత ఫైలును తెరిచేముందు దాని కాపీ తీసుకుని, పని కాపీ మీదే చేయాలి. అసలు ఫైలు మీద సేవ్ కొట్టకూడదు. ఆడిట్, రికవర్ కమాండ్లు లోపలి లోపాలను సరిదిద్దుతాయి గానీ, కొలత నిజమా కాదా అన్నది వాటికి తెలియదు. పాత డ్రాయింగుల్లో గీత 4420 ఉండగా దాని మీద 4500 అని చేత్తో టైపు చేసిన కొలతలు కనిపిస్తూనే ఉంటాయి. అంగుళాల్లో గీసినదో మిల్లీమీటర్లలో గీసినదో చెప్పే సెట్టింగు ఖాళీగా ఉన్న ఫైళ్లూ ఉంటాయి. కట్టి ఉన్న భవనమైతే టేపు పట్టుకుని వెళ్లి రెండు కాలమ్‌ల మధ్య దూరం కొలిచి, తెర మీది అంకెతో సరిచూడటం పూటలో అయ్యే పని. ఆ మాత్రం సమయం ఇవ్వని మేనేజరు తర్వాత అంతకు పదింతలు ఇవ్వాల్సి వస్తుంది.

ఇంకొక పని కొత్త సాఫ్ట్‌వేర్ రాకముందే చేయాలి. పాత వర్షన్ నడిచే కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసేలోపు, ముఖ్యమైన ప్రతి ప్రాజెక్టునూ ఈట్రాన్స్‌మిట్ కమాండ్‌తో ఫాంట్లూ ఎక్స్‌రెఫ్‌లూ సీటీబీ కలిపి ఒక మూటగా కట్టాలి. ప్రతి షీటునూ ఆ కంప్యూటర్ మీదే పీడీఎఫ్‌గా ప్రింట్ తీసి పక్కన పెట్టాలి. రేపు కొత్త తెర మీద ఆ డ్రాయింగు తెరిచినవాళ్లు ఏది తప్పిపోయిందో పోల్చి చూసుకునేది ఆ పీడీఎఫ్‌తోనే.