పిపెట్ చివరి చుక్క

ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులోకి కొత్తగా వచ్చిన పిల్లలకు గీతలున్న ప్రతి గాజుపాత్రా కొలపాత్రే. బీకరు మీద 50, 100 అని ఉంది కదా, అక్కడిదాకా పోస్తే చాలదా అంటారు. చాలదు. తేడా నూటికి అయిదు దాకా ఉండొచ్చని చాలా బీకర్ల మీదే అచ్చేసి ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. కానికల్ ఫ్లాస్కుదీ అదే తీరు. కొలజాడీ కాస్త నయం. లెక్క పక్కాగా రావాలంటే పిపెట్, బ్యూరెట్, వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లనే నమ్మాలి. మూడూ కొలిచే చోట సన్నగా ఉంటాయి. సన్నని మెడలో ఒక్క చుక్క ఎక్కువైనా మట్టం కదిలిందని తెలిసిపోతుంది. వెడల్పాటి బీకరులో పది చుక్కలు పడినా కంటికి ఆనదు.

పాఠాల్లో తరచూ దాటేసే సంగతి ఒకటుంది. ఫ్లాస్క్ మీద ‘ఇన్’ అనీ, పిపెట్ మీద ‘ఎక్స్’ అనీ చిన్న అక్షరాలుంటాయి. ‘ఇన్’ అంటే లోపల పట్టే కొలత: గీతదాకా నింపిన 100 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో సరిగ్గా అంతే ఉంటుంది. దాన్ని వేరే పాత్రలోకి వంపితే గోడలకు అంటిన తడి మేరకు తగ్గుతుంది. ‘ఎక్స్’ గుర్తున్న పిపెట్ సంగతి వేరు. లోపల ఎంత పట్టిందని కాక, బయటికి ఎంత వస్తుందో చూసి దానికి గీత పెట్టారు. మొనను ఫ్లాస్కు గోడకు ఆనించి, ద్రవాన్ని దానంతట దాన్నే జారనివ్వాలి. మొనలో మిగిలే చివరి చుక్క ముందే లెక్కలో తీసేసినది. దాన్ని ఊది దించడం పాలవాడిని కొసరు అడిగినట్టే, కొలత చెడుతుంది. ఊదమని ప్రత్యేకంగా గుర్తున్న పిపెట్లు వేరే ఉన్నాయి. నోటితో పీల్చే పాత అలవాటు మాత్రం దేనికీ పనికిరాదు, రబ్బరు బల్బు వాడాలి.

బ్యూరెట్ పుట్టింది బట్టల కోసం. 18వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లోని రువాన్‌లో, బట్టలు తెల్లబరిచే ద్రవం బలం చూడటానికి డెక్రోయిజిల్ అనే రసాయనవేత్త దాని తొలిరూపం తయారుచేశాడు. 1855లో టైట్రేషన్ (ద్రావణాన్ని కొలిచి కలుపుతూ బలం తేల్చే పద్ధతి) మీద పుస్తకం వెలువరించిన జర్మన్ ఫార్మసిస్ట్ మోర్, కింద రబ్బరు గొట్టం, నొక్కే క్లిప్పు ఉన్న బ్యూరెట్‌ను వాడుకలోకి తెచ్చాడు.

బ్యూరెట్‌ను అందులో పోయబోయే ద్రావణంతోనే చివరిసారి కడగాలి, లేకుంటే లోపలి తడి ద్రావణాన్ని పలచబరుస్తుంది. కానికల్ ఫ్లాస్కును డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలి, ద్రావణంతో కడిగితే కొలవని ద్రావణం కొంత ముందే చేరిపోతుంది. బ్యూరెట్ కుళాయి కింద గాలిబుడగ లేకుండా చూసుకుని, గరాటు తీసేసి, కన్ను మట్టానికి సమానంగా పెట్టి ద్రవం పైభాగపు వంపులో అడుగుభాగం చదవాలి. ముదురు ఊదారంగు పర్మాంగనేట్‌కు అడుగు కనబడదు కాబట్టి పై అంచు చదువుతారు. రంగు మారబోతుండగా అర చుక్కను మొన దగ్గరే వేలాడదీసి, ఫ్లాస్కు గోడకు తాకించి, వాష్ బాటిల్‌తో లోపలికి కడిగేయడంలో చేతి నేర్పు తెలుస్తుంది.

పిల్లల రికార్డుల్లో మూడు బ్యూరెట్ రీడింగులూ 9.8, 9.8, 9.8 మి.లీ. అని వరసగా ఉంటే నాకు అనుమానమే. గీతల మధ్య 0.05 దాకా అంచనా కట్టే కన్నుకు ఒకసారి 9.75 రావడం మామూలే. అది కొట్టేసి 9.8 రాయించే ల్యాబులే ఎక్కువ.