ప్లగ్గు చదివే మేస్త్రి

బండి పొద్దున్నే స్టార్టవడానికి మొరాయిస్తోందనీ, పికప్ తగ్గిందనీ, సిగ్నల్ దగ్గర ఆగితే మిస్సింగ్ కొడుతోందనీ చెబితే, మంచి మేస్త్రి వెంటనే కొత్త స్పార్క్ ప్లగ్గులు తెమ్మనడు. ముందు ఇంజన్ చల్లారనిస్తాడు. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్‌లో మరలు పాడవుతాయి. ఆ కాసేపు ఆగడం దగ్గరే నాకు అతని మీద గౌరవం మొదలవుతుంది.

విప్పిన నాలుగు ప్లగ్గులనీ సిలిండర్ల వరుసలోనే పాత గుడ్డ మీద పేరుస్తాడు. ఒక్కోదాన్నీ వెలుగుకి తిప్పి మొన చూస్తాడు, వైద్యుడు నాలుక చూసినట్టు. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. తెల్లగా పాలిపోయి పొక్కితే మితిమీరి వేడెక్కుతోంది. ఆయిల్ తడి తగిలితే మాత్రం అతని ముఖం మారుతుంది. పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయన్నమాట. కొత్త ప్లగ్గులు వేసినా మళ్లీ అదే గతి.

మామూలు నికెల్ ప్లగ్గులకు 30–50 వేల కిలోమీటర్లు, ఇరిడియం వాటికి లక్ష దాకా అని లెక్క. కారుతో వచ్చిన పుస్తకంలో రాసిందే ప్రమాణం. మొన అరిగేకొద్దీ గ్యాప్ పెరుగుతుంది, నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, ఆ భారమంతా ఇగ్నిషన్ కాయిల్ మీద పడుతుంది. అందుకే గడువు దాటాక పొదుపు చూడొద్దంటాడు. బాగున్నవాటిని మార్చమన్నా ఒప్పుకోడు. ఆ నిజాయితీ నాకు మరీ ఇష్టం.

బిగించేటప్పుడు మొదట వేళ్లతోనే తిప్పుతాడు. మర సాఫీగా దిగాకే స్పానర్ అందుకుంటాడు.