‘అంతరించిన’ సమాజం, కర్త లేని వాక్యం: అరబ్బు యూదుల చారిత్రక కల్పనపై ఒక పరిశీలన

‘అంతరించిన సమాజం’ అన్న పదబంధంలో క్రియ అకర్మకం. ఎవరు అంతరింపజేశారన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. అరబ్బు దేశాల యూదుల విషయంలో ఈ వ్యాకరణం చరిత్రకే అడ్డు వస్తుంది. 1949-50లో యెమెన్ నుండి దాదాపు 49 వేలమంది, 1950-51లో ఇరాక్ నుండి లక్షకు పైగా యూదులు విమానాలలో ఇజ్రాయెల్‌కు తరలిపోయారు. ఇరాక్ వలస వెనుక 1941 జూన్‌లో బాగ్దాదులో జరిగిన మారణకాండ ఉంది. పౌరసత్వం వదులుకున్నవారినే వెళ్లనిచ్చిన 1950 నాటి చట్టం ఉంది. కొత్తగా ఏర్పడిన రాజ్యం పిలుపు ఉంది. ఏ ఒక్క కర్తతోనూ ఆ వాక్యం పూర్తికాదు. చారిత్రక కల్పన ఆ కర్తలను ఎలా వెతికిందన్నదే దానికి గీటురాయి.

యెమెన్ రచయిత అలీ అల్-ముఖ్రీ నవల ‘అల్-యహూదీ అల్-హాలీ’ (2009) పదిహేడవ శతాబ్దిలోకి వెళుతుంది. కథకుడు సాలెమ్ యూదుడు. అతనికి అరబ్బీ చదువు నేర్పే ఫాతిమా ముఫ్తీ కూతురు. ఇద్దరి మధ్య ప్రేమ కన్నా అక్షరం ముందు పుడుతుంది. నవల బలమంతా అక్కడే ఉంది: పొరుగువాడి లిపి నేర్చుకోవడమే నేరమయ్యే స్థితిని ఏ శాసనం ఉదహరించకుండానే చూపుతుంది. అయితే ప్రేమకథ ముందుకు వచ్చిన కొద్దీ సమాజపు చేతిపని వెనక్కి జరుగుతుంది. యెమెన్ యూదులు వెండిపనికి పేరు మోసినవారు. ఆ కొలిమి వేడి ఇందులో తగినంతగా తగలదు.

అమితావ్ ఘోష్ ‘ఇన్ యాన్ యాంటిక్ లాండ్’ (1992) నవల కాదు. చరిత్ర, యాత్రాకథనం కలిసిన రచన. అయినా చారిత్రక నవలాకారులకు అది చూపే దారి పెద్దది. కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనామందిరపు గెనిజాలో శతాబ్దాలపాటు పోగుపడిన పత్రాలలో అధికభాగం 1897 ప్రాంతంలో కేంబ్రిడ్జికి చేరింది. వాటిలో పన్నెండవ శతాబ్ది వర్తకుడు అబ్రహాం బెన్ యిజూ ఉత్తరాలున్నాయి. ట్యునీషియా నుండి వచ్చి మంగళూరులో ఏళ్ల తరబడి ఉన్నవాడతను. ఘోష్ దృష్టి మాత్రం అతని బానిసపై నిలుస్తుంది. 1148లో ఏడెన్ నుండి వచ్చిన ఒక ఉత్తరంలో ఆ బానిసకు పంపిన పలకరింపు మాత్రమే కనిపిస్తుంది. ఆ ఒక్క పలకరింపు పట్టుకుని, అతని పేరు ‘బొమ్మ’ అయి ఉండాలని తుళునాడు దాకా వెళ్లి తేల్చడం పరిశోధన. ఆ మనిషికి ఒక జీవితాన్ని ఊహించడం కల్పన. రెండింటి మధ్య గీతను ఘోష్ చెరిపేయడు. యూదు సాధువు అబూ హసీరా సమాధి చూడబోయిన హిందువును ఈజిప్టు పోలీసులు నిలదీసే ఘట్టం కూడా ఈ అన్వేషణలో భాగమే. నీకు ఇక్కడ ఏం పని అన్న వారి అనుమానంలో, సమాజం వెళ్లిపోయాక కూడా సాగుతున్న విభజన కనబడుతుంది.

ఈ పద్ధతిని దుమ్ముగూడెం ముందు నిలబెడితే పరిస్థితి తలకిందులవుతుంది. కైరోలో కాగితాలు మిగిలాయి, రాసినవారు లేరు. ఇక్కడ కోయలు ఉన్నారు. వారి పందొమ్మిదవ శతాబ్దిని రాసిపెట్టిన కాగితాలు మాత్రం ఎక్కువగా ఇతరులవి. ఆనకట్ట పనులు చూసిన ఇంజనీరు హేగ్ చొరవతో మిషన్ వచ్చింది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో రాశాడు. ఆ సమాచారాన్నే థర్‌స్టన్ 1909లో తన కులాల, తెగల సంపుటాలకు వాడుకున్నాడు. ఆనకట్టకు రాళ్లు మోసిన చేతులెవరివన్న ప్రశ్న ‘హేగ్ కట్టించాడు’ అన్న వాక్యంలో ఇమడదు.

పోలవరం వల్ల 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా దుమ్ముగూడెం తెలంగాణలో మిగిలింది. ‘ముంపు గ్రామాలు’ అన్న మాటలోనూ కర్త లేడు. ఊళ్లు మునిగే ముందే వాటికి శోకగీతం పాడే నవల ఆ లోపాన్నే అలంకారంగా మారుస్తుంది. బతికున్నవారిని అంతరించినవారిగా రాయడం అరబ్బు యూదులపై వచ్చిన రచనల నుండి తెచ్చుకోవలసిన పద్ధతి కాదు. తెచ్చుకోవలసింది ఘోష్ వెతుకులాట. కెయిన్ పుటల అంచులలో ఒకటి రెండు మాటలకే పరిమితమైన మనుషులను పట్టుకుని, డోలీలు పడిగె విప్పి పాడే ఇలవేల్పు గాథల దగ్గర వారి ఇంటిపేర్లను సరిచూడటం అందులో మొదటి పని.