స్లో పెంచకండి

సిగ్నల్ దగ్గర బండి ఆగగానే గేర్ రాడ్ వణుకుతుంది. స్టీరింగ్ మీది వేళ్లు జివ్వుమంటాయి. ఉన్నట్టుండి ఒక కుదుపు వచ్చి ఇంజిన్ ఆగిపోతుందేమో అనిపిస్తుంది. కాస్త రేస్ ఇస్తే మళ్లీ మామూలే. పాత చిన్న కారున్న ప్రతివాళ్లకీ ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. షెడ్డుకి తీసుకెళ్తే చాలాచోట్ల దొరికే మందు ఒక్కటే, ఆగినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం పెంచడం: "స్లో కాస్త పెంచేస్తే సరిపోతుంది సార్." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు దాంట్లో ఉన్నది కార్బొరేటర్. స్లో స్క్రూ తిప్పి ఇంజిన్‌ని దారికి తెచ్చుకోవడం అప్పట్లో ట్యూనింగ్‌లో భాగం. తర్వాత పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది. ఇప్పుడు స్లో ఎంత ఉండాలో కంప్యూటరు చూసుకుంటుంది. ఏసీ వేసి ఇంజిన్ మీద బరువు పెరిగితే అదే గాలి కాస్త ఎక్కువ వదిలి నిలబెడుతుంది. థ్రాటిల్ పక్కన ఒక స్క్రూ ఇప్పటికీ కనిపిస్తుంది కానీ అది మనం తిప్పడానికి పెట్టింది కాదు. దాన్ని కదిపితే థ్రాటిల్ మూసుకున్నదో తెరుచుకున్నదో కంప్యూటరుకి తెలియకుండా పోతుంది. పైగా అసలు రోగం ఆ వేగం కింద దాక్కుంటుంది. బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కొన్నాళ్లకు రోగం మరింత ముదిరి బయటపడుతుంది.

మొన్న మా బావమరిది తన పాత ఆల్టో తీసుకొచ్చాడు. అప్పటికే ప్లగ్గులు మార్పించాడు, కాయిల్ మార్పించాడు, పెట్రోలు ఫిల్టరు కూడా మార్పించాడు. డబ్బులు పోయాయి, వణుకు తగ్గలేదు. ఏది చెడిందో చూడకుండా సామాను మార్చుకుంటూ పోవడం రిపేరు కాదు. దానివల్ల నష్టపోయేది నెల జీతం మీద బండి నడిపేవాడు.

వణుకు స్లోలోనే ఉండి రేస్ ఇస్తే పోతోందంటే, అందులోనే సగం జవాబు ఉంది. స్లోలో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. లోపలికి వెళ్లే గాలి చాలా తక్కువ, ఇంజిన్ పీల్పు మాత్రం గట్టిగా ఉంటుంది. అలాంటప్పుడు ఏ గొట్టంలోనైనా సన్నటి చీలిక ఉంటే దానిగుండా దూరే దొంగగాలి లెక్క మొత్తం తారుమారు చేసేస్తుంది. రేస్ ఇచ్చినప్పుడు వెళ్లే గాలి ముందు అదే చీలిక లెక్కలోకి రాదు.

అయినా ముందు సిలిండర్లను అనుమానించి తీరాలి. ఈ ఆల్టోది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరు 450 సార్లు మండాలి. ఒకటి మానేస్తే ప్రతి మూడో దెబ్బ ఖాళీ పోతుంది, బండంతా ఊగుతుంది. ఇది పట్టుకోవడానికి స్లోలో నడుస్తుండగా ఇంజెక్టర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి పెడతాను. ప్లగ్ వైరు పీకి చూడటం పాత అలవాటు. ఇప్పటి కాయిళ్లకు అది ప్రమాదం, చేతికీ షాక్. కనెక్టరు తీయగానే ఇంజిన్ చతికిలబడితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. తేడా ఏమీ లేకపోతే దొంగ దొరికినట్టే. ప్లగ్గో, ఇంజెక్టరో, ట్యాపెట్ బిగిసి కంప్రెషన్ పోయిందో అక్కడి నుంచి వెతకాలి. బావమరిది బండిలో మూడూ ఒకేలా చతికిలబడ్డాయి. అంటే తప్పు ఏ ఒక్క సిలిండర్‌దీ కాదు, మూడింటికీ కలిసి వచ్చే దారిలో ఉంది.

ఆ బండిలో ఆర్పీఎం ముల్లు లేదు కాబట్టి చెవినే నమ్ముకోవాలి. బోనెట్ ఎత్తి వింటే శబ్దం నిలకడగా లేదు. పైకి లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. కొందరు కార్బ్ క్లీనర్ కొట్టి చీలిక వెతుకుతారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన మంట అంటుకునేది చల్లడం నాకు ఇష్టం ఉండదు. గొట్టాలకు గుడ్డ చుట్టి ప్లయర్‌తో ఒక్కొక్కటే మెల్లగా నొక్కుతాను. బ్రేక్ బూస్టర్ గొట్టం నొక్కితే మార్పు లేదు. వాల్వ్ కవర్ నుంచి ఆయిల్ ఆవిరిని తెచ్చే పీసీవీ గొట్టం నొక్కగానే ఊగడం ఆగి శబ్దం గీత గీసినట్టు నిలబడింది. ఊడదీసి చూస్తే పైవైపు నున్నగా ఉంది. కిందివైపు వంపులో మాత్రం రబ్బరు అట్టలా గట్టిపడి, వేలితో వంచితే గోరంత పొడవున నోరు తెరిచింది. ఇంజిన్ కదిలినప్పుడల్లా అది తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పైనుంచి చూసినవాళ్లెవరికీ కనపడదు.

గొట్టం ఖరీదు కాయిల్ ఖరీదుతో పోలిస్తే ఏపాటిది? ఆయిల్ ఆవిరికి తట్టుకునే రబ్బరు, సరైన సైజు, రెండూ చూసుకుని కొనాలి. థ్రాటిల్ విప్పితే రేకు వెనక నల్లటి జిడ్డు పేరుకుని ఉంది. అదీ ఆ ఆవిరి తెచ్చిందే. మెత్తటి గుడ్డతో తుడిచాను, గీకలేదు. బోనెట్ ఎత్తాం కదా అని పెట్రోలు పైపులూ చూశాం. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాత బండ్ల రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు.

స్టార్ట్ చేసి ఏసీ వేస్తే ఇంజిన్ ఒక్క క్షణం తగ్గి సర్దుకుంది. గేర్ రాడ్ మీద చెయ్యి పెట్టిన బావమరిది, "ఇంకా కొంచెం ఉంది కదా బావా" అన్నాడు.

ఉంటుంది. మూడు సిలిండర్ల ఇంజిన్ తిరిగేటప్పుడు ఈ చివర లేస్తే ఆ చివర దిగేలా ఊగుతుంది. అది దాని నిర్మాణంలోనే ఉంది. దాన్ని బండిలోకి రానీయకుండా ఆపేవి ఇంజిన్ మౌంటింగులు. అతని బండిలో ఒకదాని రబ్బరు కుంగి ఇనుము ఇనుముకి దాదాపు తగులుతోంది. వచ్చే నెల జీతం రాగానే దాన్ని మార్పించమన్నాను, ఈలోగా ఎవరు చెప్పినా స్లో మాత్రం పెంచనివ్వొద్దన్నాను.