సీసాలో వైరస్ జాడ

గర్భాశయ ముఖద్వారం నుంచి మెత్తని బ్రష్‌తో తీసిన కాసిన్ని కణాలు చిన్న సీసాలో ల్యాబ్‌కు చేరతాయి. అవి ఎవరివో టెక్నీషియన్‌కు తెలియదు. తెలిసింది బార్‌కోడ్ ఒక్కటే. అయినా ఆమె చూపే శ్రద్ధ నాకు అపురూపంగా తోస్తుంది.

ఆ కణాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల హెచ్‌పీవీ వైరస్ ఉంటే, పీసీఆర్ యంత్రం దాని డీఎన్ఏ ముక్కను లక్షల రెట్లు పెంచి చూపుతుంది. ఆ బలంలోనే ప్రమాదమూ ఉంది. పక్క సీసాలోని తుంపర ఒకటి పడినా లేని వైరస్ ఉన్నట్టు తేలవచ్చు. అందుకే రసాయనాలు కలిపే చోటు వేరు, నమూనా తెరిచే చోటు వేరు. అన్నిటికన్నా నాకు నచ్చేది, చాలా కిట్లలో వైరస్‌తో పాటు మనిషి జన్యువునూ వెతకడం. అది కనిపించకపోతే నమూనాలో కణాలే సరిపోలేదేమోనని అనుమానం. అప్పుడు ‘నెగటివ్’ అని రాసి పంపరు, మళ్లీ నమూనా అడుగుతారు. ఎంత నిజాయితీ!

పాజిటివ్ వచ్చిందంటే క్యాన్సర్ ఉందని కాదు, ఇంకా పరీక్షించి చూడాలని. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి హెచ్‌పీవీ 16, 18 రకాలే కారణం.

మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో హెచ్‌పీవీ పరీక్షపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. అక్కడ వాడింది పీసీఆర్ కాదు, హెచ్‌పీవీ డీఎన్ఏనే వెతికే మరో పద్ధతి, హైబ్రిడ్ క్యాప్చర్. పరీక్షలు చేయని ఊళ్లతో పోలిస్తే, ఒక్కసారి ఈ పరీక్ష అందుబాటులోకి తెచ్చిన ఊళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.